ఇదే తారీఖున

నా బిడ్డ నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతుందేమోనని నాకు భయం. ఇంకే భయమూ దీని ముందు నిలవదు. మెలకువగా ఉన్నంతసేపూ అది ఎటు పాకినా పరిగెత్తి పట్టుకోగలను. నిద్రపోయిందంటే మాత్రం నా చేతికి అందని చోటికి ఒక్కతే వెళ్ళినట్టుంటుంది.

నేను ఇంట్లోనే కూర్చుని ఒక దర్జీ పంపే చొక్కాలకి గుండీలు కుడతాను. దారం ముక్క ఒకటి ఎప్పుడూ నా వేలికి చుట్టుకుని ఉంటుంది. పాప పడుకోగానే దాన్ని ముక్కు దగ్గర పట్టుకుంటాను. దారం కదిలితే నా ప్రాణం కుదుటపడుతుంది. ఒకరోజు అలా చూసుకుని నిశ్చింతగా కుట్టుకుంటూ, పైన ఫ్యాను తిరుగుతోందని ఆలస్యంగా గమనించాను. దారాన్ని ఊపింది పాపో, ఫ్యానో! అప్పటినుంచి ఫ్యాను ఆపి చూస్తున్నాను. ఉక్కపోసి పాప లేచి ఏడుస్తుంది. ఆ ఏడుపు వింటే నాకెంత హాయో.

ఇది చూసి మా వదిన నాకు "దారం డాక్టరమ్మ" అని పేరు పెట్టింది. వదినంటే మా ఆయనకి అక్క. పై వాటాలో ఉంటుంది, రేడియోలో పనిచేస్తుంది. రోజూ పొద్దున పాట వేసే ముందు "ఇదే తారీఖున" అని మొదలుపెట్టి, పాటల లోకంలో ఆ రోజు జరిగినవన్నీ చెబుతుంది. ఒక గాయని మొదటిసారి మైకు ముందు నిలబడింది. ఒక బృందం విడిపోయింది. ఎవరో పుట్టారు, ఎవరో పోయారు. ఏ ఏటివాళ్ళో, ఎక్కడివాళ్ళో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళంతా ఆమె గొంతు వెంట వచ్చి ఒకే గదిలో కూర్చుంటారు. వదినకి ఒక పద్ధతుంది. పోయినవాళ్ళని మధ్యలో చెబుతుంది. చివర మాత్రం ఎప్పుడూ ఏదో ఒక మొదలే.

పాప మొదటి పుట్టినరోజు దగ్గరపడేకొద్దీ నాకు తిండి సహించలేదు. అది మా తమ్ముడు పోయిన తారీఖు. వాడప్పటికి ఉయ్యాలలో పిల్లాడు. అమ్మ రేడియో వింటూ, హాయిగా పడుకున్నాడు, ఈ పాటయ్యాక చూద్దాంలే అనుకుంది. పాటయ్యాకే చూసింది. తర్వాత అమ్మని ఇంట్లో ఒంటరిగా వదలడానికి లేకపోయింది. నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. రేడియోని నాన్న ఎవరికో ఇచ్చేశాడు. ఈ ఇంటికొచ్చాక మళ్ళీ పాటలు చెవిన పడ్డాయి గానీ, ఏ పాటా నేను చివరిదాకా విన్నది లేదు. పల్లవి రెండోసారి తిరిగేసరికి కాళ్ళు నన్ను లేపేస్తాయి.

నిన్న మెట్ల మీద వదిన కనబడితే అడిగేశాను.

"వదినా, రేపొక్క రోజు ఎవరూ పోయినట్టు చెప్పకు."

"పోయినవాళ్ళని ఏం చెయ్యమంటావే? సెలవిచ్చి పంపెయ్యనా?"

"నవ్వకు. ఆ తారీఖు మంచిది కాదు."

వదిన తడిబట్టల బకెట్ కింద పెట్టింది. "పిల్లా, ఇన్నేళ్ళుగా తారీఖులతోనే కదా నా కాపురం! చావు లేని తారీఖు ఒక్కటీ దొరకలేదు. ఏ పాటా పుట్టని తారీఖూ దొరకలేదు. తారీఖంటే బస్సు కోసం వేసిన బల్ల. ఒకరు లేస్తారు, ఒకరొచ్చి కూర్చుంటారు. లేచినవాడు కూర్చున్నదాన్ని చెయ్యి పట్టి లాక్కుపోడు."

"నీకేం, ఎన్నైనా చెబుతావు. కూర్చున్నది నా కూతురు."

"నాకు మేనకోడలు కాదేంటి? నువ్వొక్కదానివే కన్నట్టు!"

"నేనొక్కదాన్నే కన్నాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వదిన నా వేలి దారాన్ని విప్పి తన కొంగుకి ముడేసుకుంది. "రేపు ఒక్క పాట. ఉయ్యాలకి వీపు పెట్టి కూర్చుని చివరిదాకా విను. ఆ తర్వాత నీ ఇష్టం, రీలు రీలంతా దాని ముక్కు దగ్గర పెట్టుకో."

సరేనన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఇవాళ పొద్దున పాప కొత్త గౌనులోనే, ఒక కాలికి మేజోడుతో ఉయ్యాలలో నిద్రపోయింది. నేను దానికి వీపు పెట్టి, ఒళ్ళో చొక్కాతో కూర్చున్నాను. కిటికీ తెర ఉబ్బి, మెల్లగా దిగి, మళ్ళీ ఉబ్బింది. అంతలో వదిన గొంతు. మా రేడియోలోంచి, కింది వాటాలోంచి, ఎదురింట్లోంచి కాస్త వెనకా ముందుగా వినబడుతుంటే, ఆమే గుమ్మం గుమ్మానికీ నడిచి వెళ్తున్నట్టుంది.

"ఇదే తారీఖున," అంది, ఒక కుర్రాడు అరువు గిటారుతో మొదటి పాట రికార్డు చేశాడట. ఇదే తారీఖున, చాలా ఏళ్ళకి, ఆ పాటని ఊరూరా పాడిన గొంతు పడవతో పాటు మునిగిపోయిందట. తర్వాత ఆగింది. రేడియోలో అలా ఆగకూడదని తనే చెప్పేది.

"ఇదే తారీఖున, ఒక ఇంట్లో, పాట ముగిసేలోగా ఒక పసివాడు వెళ్ళిపోయాడు. వాడి పేరు ఏ రికార్డు మీదా లేదు."

నా ఒళ్ళోంచి చొక్కా జారింది.

"ఇదే తారీఖున, నిరుడు, ఒక పాప మొదటిసారి గొంతు విప్పింది. ఆసుపత్రి వరండాలో అందరం విన్నాం. శ్రుతి లేదు, తాళం లేదు. నా ఉద్యోగంలో అంత పెద్ద హిట్టు ఇంకోటి లేదు. ఈ పాట ఆ పాపకి."

పాట మొదలైంది. గోడలు పలచబడ్డాయి. అరువు గిటారు కుర్రాడు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. పడవలో పోయినామె తడి జుట్టు పిండుకుంటోంది. మా తమ్ముడు ఎవరి చంకలోనో ఉన్నాడు. ఎవరూ ఉయ్యాల వైపు చెయ్యి చాచడం లేదు. అందరూ పాటే వింటున్నారు.

పల్లవి రెండోసారి వచ్చింది. కాళ్ళు లేవబోయాయి. ఊరికే కూర్చుంటే అవే వెనక్కి తిరిగేస్తాయని, ఇదంతా మీకు చెబుతున్నాను. ఇంకొక్క చరణం ఉంది. ఇంత దూరం నేనెప్పుడూ రాలేదు.

మీరు ఉయ్యాలకి దగ్గరగానే ఉన్నారు కదా. చప్పుడు చెయ్యకుండా ఒక్కసారి వంగి చూడండి. బల్ల మీద నీలం దారం ఉంది. ఫ్యాను ముందే ఆపేశాను. దారం కదిలితే నాకేం చెప్పకండి, పాట పూర్తిగా విననివ్వండి. కానీ చూడండి. మా పాపని ఒక్కసారి చూడండి.