కాకి తరఫు

సాయంత్రం గుర్రాలకు దాణా పెట్టడం అయ్యాక జీనుల గదిలో అందరికీ టీ పోయడం కోడలి పని. ఈ మధ్య టీతోపాటు కాకి తరఫున వాదించడం కూడా ఆమె పనే అయింది.

కాకి అంటే పక్షి కాదు. మావగారు ఒకప్పుడు పందేలకు తయారుచేసిన నల్లటి ఆడగుర్రం. ఎర్రదొర అన్న మరో గుర్రం కూడా ఆయన చేతుల్లో పెరిగినదే. రెండూ పోయి చాలా కాలమైంది. కానీ వాటిలో ఏది గొప్ప, ఇంతవరకూ పుట్టిన పందెపు గుర్రాలన్నిటిలోకీ ఏది గొప్ప అన్న తగువు మాత్రం ఆ ఇంట్లో తెగలేదు. మావగారిది ఎర్రదొర. ఆయన కొడుకుది కాకి. గ్లాసుల్లో టీ చల్లారేదాకా తండ్రీకొడుకులు మాటా మాటా అనుకునేవారు. నాడాలు కొట్టే మేస్త్రి మధ్యలో కూర్చుని ఇద్దరినీ ఎగదోసేవాడు. అతన్ని అందరూ సుత్తి అంటారు. అది చేతిలో ఉన్న పనిముట్టు వల్ల మాత్రమే కాదు.

పోయిన వానాకాలంలో కొడుకు జ్వరంతో చనిపోయాడు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మావగారు అతను కూర్చునే ముక్కాలిపీట వైపు చూసి, "మరి కాకి సంగతేమిటి?" అన్నారు. సుత్తి తల దించుకుని గ్లాసులోకి చూశాడు. అది చూడలేక, గుమ్మంలో నిలబడి ఉన్న కోడలు తన భర్త మాటల్లోంచి ఒకటి తీసి అంది.

"కాకి తప్ప, ఎర్రదొరతో పరుగెత్తినవన్నీ గాడిదలే కదా, మావయ్యా."

ఆయన ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది. ఆ రోజు నుంచి ముక్కాలిపీట ఆమెది.

జాలిపడి అన్న ఒక్క మాట మెడకు చుట్టుకుంది. భర్త వాదనంతా ఆమెకు కంఠతా వచ్చు. అతని మాటలు తన గొంతుతో పలికిన ప్రతిసారీ అతను లేడన్నది కొత్తగా తెలిసినట్టు ఉండేది. పోనీ మానేద్దామంటే, ఆయనకు కొడుకు రెండోసారి పోయినట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇవాళ మధ్యాహ్నం ఫోను వచ్చింది. వేరే ఊళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఉద్యోగం. ఉండటానికి గది కూడా ఇస్తారు. వస్తారో రారో రేపు పొద్దున్నే చెప్పాలన్నారు. ఆ సంగతి ఆమె ఇంకా ఇంట్లో చెప్పలేదు.

"ఏం చెల్లెమ్మా, కాకి ఇవాళ అరవడం లేదేం?" అన్నాడు సుత్తి.

"అరవడానికేముందిరా?" అన్నారు మావగారు. "రెండూ కలిసి పరుగెత్తింది ఒక్కసారి. గెలిచిందేది?"

"మెడంత తేడాతో గెలిచింది ఎర్రదొర," అంది ఆమె అలవాటుగా. "అదీ ఆ రోజు కాకి వెంట మేక లేదు కాబట్టి."

బెదురు గుర్రానికి తోడుగా కొట్టంలో మేకను కట్టడం ఈ పనిలో మామూలే. మేక పక్కనుంటే గుర్రం మేత తింటుంది, కుదురుగా ఉంటుంది. లేకపోతే తలుపులు తన్ని, చెమటలు పట్టి, పరుగెత్తాల్సిన సత్తువంతా కొట్టంలోనే పోగొట్టుకుంటుంది. ఆ పందేనికి వెళ్ళేటప్పుడు బండిలో చోటు చాలక కాకి మేకను ఇంటి దగ్గరే వదిలేశారు.

"మేక లేందే గడవని గుర్రం గొప్పదెలా అవుతుందమ్మా?"

"పెళ్ళాం లేందే గడవని మొగుళ్ళు లేరా, గురువుగారూ?" అన్నాడు సుత్తి. "నా సంగతే చూడండి. నా చొక్కా ఎక్కడుంటుందో నాకు తెలీదు."

"అందుకేగా నిన్నెవరూ గొప్పవాడనరు."

తర్వాత పలకాల్సింది ఆమె. ఇక్కడికొచ్చేసరికి భర్త ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. 'భయం తెలియని గుర్రం పరుగెత్తితే గొప్పేముంది నాన్నా? వణుకుతూ కూడా మెడ తేడా దాకా వచ్చింది చూడు, అదీ గొప్ప.' మగవాళ్ళిద్దరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. చివరి కొట్టంలో, కొత్తగా వచ్చిన బెదురు గుర్రం పక్కన, మేక అరిచింది. గిట్టల కింద పడకుండా దాన్ని పొట్టి తాడుతో కట్టారు.

"ఆ మేకకేం కావాలో ఎవరైనా అడిగారా, మావయ్యా?" అంది ఆమె.

"మేకని అడిగేదేంటమ్మా, వేళకి మేత పడేస్తుంటే," అని నవ్వాడు సుత్తి. ఆ నవ్వు అతనొక్కడిదే అయింది. మావగారు గ్లాసు కింద పెట్టారు. అది కొడుకు మాట కాదని ఆయనకు తెలిసింది.

"ఏమైందమ్మా?"

ఆమె చెప్పింది. ఊరి పేరు, పని, గది, రేపు పొద్దున చెప్పాల్సిన జవాబు. చెబుతున్నంతసేపూ కొంగు అంచు మడతపెడుతూనే ఉంది.

"వెళ్ళాలనుందా?"

"ఉంది. మిమ్మల్ని చూస్తేనే..."

"నన్ను చూడకు." గోడకు వేలాడుతున్న కళ్ళేల వైపు తిరిగారు. "వండుకోవడం నాకొచ్చు. గుర్రాలున్నాయి. గోల పెట్టడానికి వీడున్నాడు. నువ్వు మాట్లాడుతుంటే అబ్బాయి గుమ్మం దాకా వచ్చినట్టుండేది. అందుకని రోజూ కూర్చోబెట్టాను. పొద్దున్నే ఫోను చేసి వస్తానని చెప్పు."

ఆమె తలాడించింది. లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"మరి కాకి తరఫున ఎవరు?" అన్నాడు సుత్తి నెమ్మదిగా. "నావల్ల కాదు గురువుగారూ. నాది మొదట్నుంచీ ఎర్రదొరే."

"నేనుంటాను," అన్నారు మావగారు. "నువ్వు నా మాట ఎత్తుకో."

సుత్తి ఇబ్బందిగా ఆమె వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "మేక లేందే గడవని గుర్రం గొప్పదెలా అవుతుంది?"

"భయం తెలియని గుర్రం పరుగెత్తితే..." అన్నారు మావగారు. అక్కడ ఆగిపోయారు. ఎన్నో సాయంత్రాలు విన్న మాటే, మిగతా సగం నోటికి రాలేదు. కళ్ళు వాటంతట అవే ముక్కాలిపీట వైపు తిరిగాయి.

ఆ మిగతా సగం ఆమె నాలుక చివరే ఉంది. అందిస్తే చాలు, ఈ సాయంత్రం కూడా అన్ని సాయంత్రాల్లాగే గడిచిపోతుంది. రేపటిదీ, ఎల్లుండిదీ కూడా. ఆమె పెదవులు బిగించింది. బయట మేక తాడు గుంజుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"వణికింది," అన్నారాయన చివరికి. "వణుకుతూనే వచ్చింది. మెడ తేడా దాకా. భయం తెలియందానికి గొప్పేముందిరా?"

మాటల వరస తప్పింది. ఆమె దిద్దలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లేచి, ముక్కాలిపీటను ఆయన వైపు జరిపి, గుమ్మం దాటింది.