వద్దన్న లోడ్లు

లారీల అడ్డాలో అతన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. బండి నడపడంలో నిదానం, మాట్లాడటంలో అంతకంటే నిదానం. లారీ సొంతమే అయినా, పదకొండేళ్ళుగా దానికి లోడ్లు చూసిపెడుతున్నది మాత్రం అడ్డాకి ఎదురుగా ఒంటిగది ఆఫీసులో కూర్చునే ముసలి బ్రోకరు. ఆ గదిలో ఒక బల్ల, రెండు ఫోన్లు, గోడకి ఆనించిన నాలుగు కుర్చీలు. డ్రైవర్లంతా ఆయన్ని బాబాయ్ అనేవారు. బాబాయ్ ఫలానా చోటికి పొమ్మంటే నిదానం పోయేవాడు. కమీషన్ పట్టుకుని మిగతా కిరాయి చేతిలో పెడితే పుచ్చుకునేవాడు.

అలాంటివాడి చెవి దగ్గర తోటి డ్రైవర్లు జోరీగల్లా చేరారు.

"బండి నీది, డీజిలు నీది, నడుం పడిపోయేదీ నీకే. కుర్చీలో కూర్చున్నాయనకి వాటా ఏంటి? ఫోను ఆయన దగ్గరే ఉందా, నీ దగ్గర లేదా?"

మొదటిసారి విన్నప్పుడు నవ్వేశాడు. పదోసారి విన్నప్పుడు నిజమే కదా అనిపించింది. ఒక ఉదయం వెళ్ళి బాబాయ్ ముందు నిలబడ్డాడు.

"బాబాయ్, ఇక నుంచి నా లోడ్లు నేనే చూసుకుందామనుకుంటున్నా."

బాబాయ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మంచిదేరా. ఎప్పటికైనా నేర్చుకోవాల్సిన పనే. జాగ్రత్త."

అంతే. తిడితే ఏమనాలో, బతిమాలితే ఏమనాలో దారిపొడవునా కూడబలుక్కుని వెళ్ళిన జవాబులన్నీ నిదానం నోట్లోనే మిగిలిపోయాయి.

భార్యకి చెప్పాడు. ఆవిడ ముందుగదిలో మిషను వేసుకుని లారీల మీద కప్పే పట్టాలు కుడుతుంది. పట్టాల కోసం వచ్చేవాళ్ళు ఊరికే కూర్చోరు కదా, ఏ ఫ్యాక్టరీలో ఏం జరుగుతోందో చెప్పిపోతుంటారు.

"బడిపిల్లల బెంచీలు చేసే కార్ఖానా వాళ్ళకి లారీలు దొరకడం లేదట. వెళ్ళి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు."

"ఏమని అడగాలే?"

"మనం మొదటిసారి కలిసినప్పుడు నాతో మాట్లాడినట్టు మాత్రం మాట్లాడకండి. గంటసేపు కూర్చుని, ఫ్యాను బాగా తిరుగుతోంది అన్నారు."

కార్ఖానాలో సరుకు పంపే పని చూసేది ఒక నడివయసు ఆవిడ. చెవి వెనక పెన్సిలు, చేతుల నిండా రంపపు పొట్టు. "ఎవరు పంపారు మిమ్మల్ని?" అంది.

"ఎవరూ పంపలేదండీ. నేనే వచ్చాను."

"మరి మీకు పూచీ ఎవరు?"

నిదానం బయట ఆపిన లారీ వైపు చెయ్యి చూపించాడు. "బండి చూడండి" అన్నాడు.

ఆవిడ నిజంగానే బండెక్కింది. చెక్కల మీద అరచేత్తో రాసి చూసింది. ఎక్కడా మేకు తల లేచి లేదు. తాళ్ళు చుట్టలు చుట్టి వరసగా ఉన్నాయి. పట్టా విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తే సూదిమొనంత చిల్లు కూడా కనపడలేదు.

"ఎవరు కుట్టారిది?"

"మా ఆవిడండీ."

"అయితే పూచీ ఉన్నట్టే" అని నవ్వి, లోడు రాసిచ్చింది.

రెండు రోజుల ప్రయాణం. బెంచీల కాళ్ళు విరగలేదు, రంగు మీద గీత పడలేదు. కిరాయి మొత్తం చేతికొచ్చింది. నిదానం లారీ అద్దంలో తన మొహం తానే చూసుకుని మీసం సవరించుకున్నాడు.

దిగితేగాని లోతు తెలియదంటారు. తిరుగు ప్రయాణానికి లోడు లేదు. ఖాళీగా వస్తే సంపాదించిందంతా డీజిలు తాగేస్తుంది. ఊరు కొత్త, మనుషులు కొత్త. రెండు రోజులు ఫోన్లు చేయగా చేయగా ఎవరో, పచ్చ గేటున్న గోడౌన్‌లో పైపుల లోడు సిద్ధంగా ఉందన్నాడు. గంటలో పైపులు ఎక్కించేశారు కూడా. సరుకు బిల్లు కాగితాలు మాత్రం రేపిస్తామన్నారు. ఆ రేపు వచ్చింది, పోయింది. మూడో రోజూ గడిచింది. కాగితాలు లేకుండా కదలడానికి లేదు.

పక్క లారీ డ్రైవరు, తలంతా నెరిసిన మనిషి, అసలు సంగతి చెప్పాడు. "వీళ్ళ గోడౌన్ నిండిపోయింది తమ్ముడూ. సరుకు దాచుకోవడానికి మన బళ్ళే వీళ్ళకి అద్దె లేని గోడౌన్. కొనేవాడు ఎక్కువ ధరకి ఒప్పుకునేదాకా కాగితాలివ్వరు. నేనొచ్చి ఆరు రోజులు."

అప్పుడే భార్య ఫోన్ చేసింది. బాగానే ఉన్నానన్నాడు.

"మీరు బాగానే ఉన్నానంటే ఏదో ముంచుకొచ్చిందన్నమాట. చెప్పండి."

చెప్పాడు.

"బాబాయ్‌గారికి ఫోన్ చేయండి."

"ఏ మొహం పెట్టుకుని చేయను?"

"ఉన్న మొహమే. ఇప్పుడు కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అయినా అతను చేయలేదు. పది నిమిషాల్లో బాబాయే చేశాడు. ఆవిడ ఊరుకోలేదన్నమాట.

"పచ్చ గేటేనా? సరే, విను. అరవకు. అరిస్తే గొడవ చేశాడని నీ మీదే పెడతారు. తెల్లకాగితం మీద సరుకు ఎక్కించిన తేదీ, టైము రాయి. బండి ఆగినందుకు రోజుకి వెయిటింగ్ ఛార్జీ ఇంత అని రాయి. సంతకం పెట్టమను. లేదంటే సరుకు దించుకోమను. ఈ రెండు ముక్కలే. మూడో ముక్క మాట్లాడకు. మాట్లాడకుండా నిలబడటం నీకు వెన్నతో పెట్టిన విద్యేగా!"

నిదానం కాగితం రాసి గోడౌన్ గుమాస్తా ముందు పెట్టాడు. రేపు చూద్దామన్నాడు గుమాస్తా. నిదానం మళ్ళీ ఆ రెండు ముక్కలే చెప్పి నిలబడ్డాడు. గుమాస్తా కసిరాడు. నిదానం కదల్లేదు. కాసేపటికి వెనక అలికిడైతే తిరిగి చూశాడు. నెరిసిన తల డ్రైవరు, ఆయన వెనక మరో నలుగురు, తలా ఒక తెల్లకాగితం పట్టుకుని నోరు మెదపకుండా నిలబడి ఉన్నారు. గుమాస్తా ఆ కాగితాల వంక, వాళ్ళ వంక చూశాడు. లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆరు బళ్ళ కాగితాలూ బయటికొచ్చాయి.

నెరిసిన తల డ్రైవరు రెండు చేతులతో నిదానం చెయ్యి పట్టుకున్నాడు. "నీ పుణ్యమా అని మా మనవరాల్ని రేపు చూస్తాను."

"నాది కాదన్నా. మా బాబాయ్‌ది" అన్నాడు నిదానం.

ఊరికి వచ్చి, పైపులు దించి, స్నానం చేసి ఆఫీసుకి వెళ్ళాడు. గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ గేటు సంగతి నీకెలా తెలుసు బాబాయ్?"

"నువ్వు నా దగ్గరికి రాకముందు ఒకణ్ణి పంపాను. పద్దెనిమిది రోజులు ఇరుక్కుపోయాడు. ఇక్కడ వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ తర్వాత వాళ్ళు ఎన్నిసార్లు ఫోన్ చేసినా లారీ లేదనే చెప్పాను. నీ బండి పదిలమని ఎక్కడో విని, అదే కావాలని పేరు పెట్టి కూడా అడిగారు, మూడుసార్లు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"పంపని చోటి గురించి చెప్పేదేముందిరా? అలాంటి గేట్లు ఒకటా రెండా. ఒకడు తూకంలో మోసం, ఒకడు తాగి గొడవ, ఒకడు పాడైన సరుకు ఎక్కించి డ్రైవరు మీదికి నెడతాడు. వాళ్ళకి వద్దని చెప్పడమే నాకు సగం పని."

బాబాయ్ వద్దనకపోతే ఈ పదకొండేళ్ళలో తాను ఇంటికి చేరని రోజులు ఎన్ని ఉండేవో నిదానానికి లెక్క అందలేదు. కూతురికి జ్వరమొచ్చిన వారం తాను ఇంట్లోనే ఉన్నాడు. అత్తగారు పోయిన రోజూ ఉన్నాడు. అదంతా తన అదృష్టమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"మళ్ళీ నీ దగ్గరికే వచ్చేస్తాను బాబాయ్."

"కుదరదు" అన్నాడు బాబాయ్. "నాకు డెబ్బై దగ్గరపడుతోంది. నేనెన్నాళ్ళు చూసిపెడతాను? ఇక్కణ్ణుంచి వెళ్ళే లోడు నువ్వే మాట్లాడుకో. బెంచీలావిడ నీ గురించి బాగా చెప్పిందని విన్నాను. తెలియని ఊళ్ళో తిరుగు లోడు నన్నడుగు. దానికి కమీషన్ ఇద్దువుగాని. గేటుగేటుకీ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను, నేర్చుకో."

అలాగే చేశారు. ఆ ఏడాది నిదానం నెలకి రెండుసార్లు బెంచీలు తోలాడు. తిరుగు లోడు కమీషన్ ఇచ్చేటప్పుడు, బాబాయ్ వద్దంటున్నా టీ తనే తెప్పించేవాడు. బ్రోకర్లు ఎందుకని ఎవరైనా అడ్డాలో అడిగితే, "సగం మనం నేర్చుకోవాలి, సగం తెలిసినవాణ్ణి అడగాలి" అనేవాడు. అంతకంటే పొడవుగా ఎప్పుడూ చెప్పలేదు.

కానీ పచ్చ గేటు నుంచి తిరిగొచ్చిన ఆ రోజు మాత్రం, టీ వచ్చాక, ఏనాడూ లేనిది నిదానం నోరు విప్పాడు. గుమాస్తా మొహం ఎలా మాడిపోయిందీ, మిగతా ఐదుగురూ కాగితాలు ఎలా పట్టుకున్నదీ, గేటు తీసినప్పుడు ఆరు బళ్ళూ ఒకేసారి హారన్ ఎలా కొట్టిందీ చెబుతూనే ఉన్నాడు. మధ్యలో బల్ల మీద ఫోన్ మోగింది. బాబాయ్ దాన్ని పక్కకి నెట్టి, "ఊఁ, తర్వాత?" అన్నాడు.