సున్నా టికెట్టు బోణీ

నాకు కూర్చోవడం చేతకాదు. కండక్టరుగా ఏళ్ళ తరబడి బస్సులో నిలబడే బతికాను. తరవాత డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్నయ్యాను, అసిస్టెంట్ మేనేజర్నయ్యాను, ఇప్పుడు డిపో మేనేజర్ని. మెట్టు ఎక్కినప్పుడల్లా కుర్చీ పెద్దదయింది గానీ నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఫైలు చదవాలన్నా కిటికీ దగ్గర నిలబడాల్సిందే. "కూర్చోండి ఇంద్రజ మేడంగారూ, సీటు ఖాళీగానే ఉంది" అని మా ఆయన గంగాధర్ ఇంట్లో వేళాకోళం చేస్తుంటాడు.

ఆ వారం మరీ కాలు నిలవలేదు. గురువారం విజయవాడలో ప్రమోషన్ ఇంటర్వ్యూ. గట్టెక్కితే జిల్లా మొత్తానికి అధికారిని. టికెట్లు కొట్టిన చేత్తో ఆ సంతకం పెట్టాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. మొహమాటం దేనికి, చచ్చేంత ఉంది.

బుధవారం మధ్యాహ్నం లోవమ్మ నా గదిలోకి వచ్చింది. కొత్తరేవు పాలెంలో చేపలమ్ముకునే మనిషి. ఖాళీ తట్ట గుమ్మం బయటే పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది.

"బస్సు ఆపట్లేదండమ్మా. చెయ్యెత్తినా చూసుకుంటానే పోతన్నాడు. ఆటోకెళ్ళేసరికి మార్కెట్లో మా జాగా ఇంకోళ్ళు పట్టేస్తన్నారు. వాడుకగా కొనేవోళ్ళు కూడా పోతన్నారు."

తీరంలోని ఊళ్ళో రాత్రి ఆగి, తెల్లవారుతూనే బయల్దేరే బస్సు అది. దాని మొదటి స్టాపే వీళ్ళ పాలెం. కండక్టర్ తాతాజీని పిలిపించాను.

"ఆయ్, ఆపుతున్నామండి మేడం. ఆళ్ళే లేటుగా వస్తారండి."

"రేపు ఆపకపోతే ఊరుకోను" అన్నాను.

"అలాగేనండి" అన్నాడు చాలా వినయంగా. ఆ వినయమే నాకు నచ్చలేదు.

గురువారం పొద్దున రాజమండ్రిలో రైలెక్కాలి. తెల్లవారుజామున జీపెక్కాక కూడా మనసు ఒకచోట ఉండలేదు. "ముందు కొత్తరేవు వైపు పోనీ" అన్నాను డ్రైవర్‌తో. అతను గడియారం చూసుకుని నావైపు చూశాడు. "పోనీ అంటున్నానా!" అని కసిరాను.

పాలెం దగ్గర అయిదారుగురు ఆడవాళ్ళు తట్టలతో నిలబడి ఉన్నారు. జీపు పక్కకి ఆపించి, మంచుకి కొంగు నెత్తిన కప్పుకుని వాళ్ళ మధ్యలో నిలబడ్డాను. లైట్లు వేసుకుని బస్సు వచ్చింది. లోవమ్మ చెయ్యెత్తింది, నేనూ ఎత్తాను. బస్సు కొంచెం నెమ్మదించింది. తాతాజీ తలుపులోంచి తొంగిచూసి, రైట్ రైట్ అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. నా డిపో బస్సు, నా కళ్ళ ముందే! జీపులో వెంటపడి లాకుల సెంటర్లో దాన్ని పట్టుకున్నాను. అక్కడ మాత్రం ఆపాడు. కొబ్బరికాయల బస్తాతో ఒకాయన ఎక్కుతున్నాడు. తాతాజీ బస్తాకి తనే చెయ్యి వేసి లోపలికి లాగాడు. ఆయన ఇచ్చిన నోటు తీసుకుని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

జీపు దిగినదాన్ని అక్కడే ఆగిపోయాను. అది బోణీ. తణుకులో కిరాణా కొట్టున్న మల్లేశ్వరరావుగారి కూతుర్ని, నాకు తెలియదా! మా నాన్న రోజూ పొద్దున్నే మొదటి బేరం డబ్బుల్ని అలాగే కళ్ళకద్దుకునేవారు. సంచీ భుజాన వేసుకుని బస్సుల్లో వేలాడతావా అని నాతో నెలలు మాట్లాడలేదు. కానీ నా మొదటి డ్యూటీ నాడు, తలుపు తీసేసరికి బస్సు మెట్టు దగ్గర ఆయనే ఉన్నారు. టికెట్టు తీసుకుని, ఏమీ అనకుండా చివరిదాకా కూర్చుని దిగిపోయారు. నాకు బోణీ చెయ్యడానికే వచ్చారు. ఆ తరవాత నేనెక్కిన ప్రతి మెట్టూ ఆ చేతి చలవేనని ఇప్పటికీ నమ్ముతాను.

బస్సెక్కాను. నన్ను చూసి తాతాజీ మొహం పాలిపోయింది.

"ఆడోళ్ళకి ఉచితం, సున్నా టికెట్టు కదండి... సున్నాతో బోణీ చేస్తే రోజంతా కలెక్షన్ రాదండి" అన్నాడు గొంతు తగ్గించి.

"సున్నా టికెట్టుకీ ప్రభుత్వం లెక్కకట్టి డబ్బిస్తుందయ్యా!"

"తెలుసండి. అయినా సెంటిమెంటండి. మన డిపో కలెక్షన్ చూసే కదండీ మీకు ప్రమోషన్. మీకూ మంచిదేనని..."

నా కుర్చీ కోసం వాళ్ళని రోడ్డు మీద వదిలేస్తున్నాడు!

"ఇప్పుడు బోణీ అయిపోయింది కదండీ, రేపట్నుంచి ఆపేస్తానండి. మీరు వెళ్ళండి మేడం, రైలు పోద్ది" అన్నాడు తాతాజీ. కింద జీపు డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అప్పటికప్పుడు బయల్దేరితే రైలు అందుతుంది. కానీ ఈ 'ఆపేస్తానండి' నిన్నటి 'అలాగేనండి' లాగే ఉంది. నేను దిగగానే ఇతను ముందుకే పోతాడని నాకు తెలుసు.

"సామ్యేలూ, బస్సు వెనక్కి తిప్పు" అన్నాను బస్సు డ్రైవర్‌తో.

కొబ్బరికాయల ఆయన, "ఇదేం చోద్యమండీ!" అని గోల పెట్టాడు. సామ్యేలు లాకుల దగ్గర ఇరుకులో తంటాలు పడి తిప్పాడు. రాడ్డు పట్టుకుని నిలబడి తాతాజీని దులిపేశాను.

"మా నాన్న బోణీ వేళ చిల్లిగవ్వ లేనివాడొచ్చినా తిప్పి పంపేవారు కాదు. ఒక బెల్లం ముక్కైనా చేతిలో పెట్టేవారు. గుమ్మంలోకొచ్చిన మొదటి మనిషిని వెళ్ళగొట్టాక నీకు ఇంకా బోణీ ఎక్కడిదయ్యా? పొద్దున్నే చెయ్యెత్తిన ఆడవాళ్ళ ఉసురు పోసుకుని, ఆ నోటు కళ్ళకద్దుకుంటావా?"

తాతాజీ తల దించుకున్నాడు. మెమో ఇచ్చినా అంతగా దించేవాడు కాదు.

పాలెం దగ్గర వాళ్ళింకా అక్కడే ఉన్నారు. తట్టలన్నీ ఎక్కేదాకా నేను దిగలేదు.

రైలు పోయింది. జీపులోనే విజయవాడ చేరేసరికి, "మీ పేరు రెండుసార్లు పిలిచారమ్మా, ఇంక మళ్ళీసారే" అన్నాడు అక్కడి గుమస్తా. ఎంత బతిమాలినా లోపలికి పంపలేదు. తిరుగుదారంతా ఏడ్చాను. నా అంత బుద్ధితక్కువది లేదనుకున్నాను. రాత్రి గంగాధర్ వేళాకోళం చెయ్యలేదు, అన్నం కలిపి పెట్టాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. బస్సు బయల్దేరే వేళయింది. ఫోన్ మోగింది. తాతాజీ.

"మేడం, పాలెంలో ఆపానండి. లోవమ్మే మొదట ఎక్కిందండి. సున్నా టికెట్టేనండి, కళ్ళకద్దుకునే ఇచ్చానండి. ఇదిగో, మాట్లాడతాదంట."

"నిన్న మీరెళ్ళాల్సిన పనైపోయిందామ్మా?" అంది లోవమ్మ.

"అయిపోయింది లోవమ్మా" అన్నాను. ఫోన్ అలాగే చేతిలో పట్టుకుని, వరండా మెట్టు మీద కూర్చున్నాను.