నల్లడబ్బాలో వచ్చిన వెలుగు

నేను ఒక గాజు గొట్టాన్ని. ఫొటోమల్టిప్లయర్ అనే పెద్ద పేరుంది లెండి, అలా పిలిచేవాళ్లే తక్కువ. మీ కంటికి ఆనని మిణుకును పట్టుకుని, లక్షల రెట్లు పెంచి చెప్పడం నా పని. అందుకే నన్ను నల్లడబ్బాలో బిగించి, పైన నల్లగుడ్డ కప్పుతారు. వోల్టేజీ ఉండగా గదిలోని మామూలు లైటు పడిందా, ఇక నా పని సరి! వెలుగు చూడడానికి పుట్టి చీకట్లో కాపురం. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయి.

నన్ను కొన్నది పరంధామం మాస్టారు. వోల్టేజీ ఇస్తే గాని నాకు చూపు రాదు, అప్పటికే మూత పడిపోతుంది. అందుకే ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. గొంతొక్కటే తెలుసు. "జాగ్రత్తగా చూడు నాయనా" అని మూత వేసేవారు.

డబ్బాలో నా ఎదుట గాజుబుడ్డిలో ఉండే ఆర్గాన్ వాయువు ఎవరితోనూ కలవని రకం. మ్యూయాన్ అనే అల్పాయుష్షు కణం వచ్చి చేరితే, రెండూ రెప్పపాటు కూడా పట్టనంతసేపు ఒకే అణువై, విడిపోతూ వెలుగునిస్తాయని మాస్టారి లెక్క. సభల్లో ఆ మాట అంటే చాలు, "మీ డబ్బాకి ఎక్కడో సందు ఉందండీ, అది బయటి వెలుగే" అని తోటి శాస్త్రవేత్తలు నవ్వేవారు. పాపిష్టి నవ్వులు! నవ్వి నవ్వి ఆయన మనసులోనూ ఆ సందే పెట్టేశారు.

చివరికి మ్యూయాన్లు పుట్టించే పరాయిదేశపు యంత్రం దగ్గర మాకు వంతు దొరికింది. ఇంకో ప్రయాణానికి ఆయన గుండె ఒప్పుకోదని డాక్టర్లు ముందే చెప్పారు. ఆఖరి పూట వచ్చింది. కణాలు వచ్చాయి. వాటి వెంటే ఆ వెలుగూ వచ్చింది! నాకున్న శక్తంతా పెట్టి చెప్పాను.

"సార్! వచ్చేసింది సార్! మీరు లెక్కేసిన చోటే ఉంది!" శిష్యురాలు ఇందుమతి కేక పెట్టింది.

"ఉండమ్మా, కంగారుపడకు. ఎక్కడో సందుంటుంది."

"లేద్సార్, పొద్దున్నే చూశాం కదా!"

"నువ్వుండు. నేను చూస్తాను."

వోల్టేజీ తీయడం మరిచిపోయి, మూత తీసేశారు. అందరికీ ఆ జాగ్రత్త నేర్పిన మనిషి!

చూశాను. మాసిన గడ్డం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, సందు కోసం వెతుకుతున్న కళ్లు. ఇదా మా మాస్టారి మొహం అనుకునేలోగా అంతా తెల్లబడి ఆరిపోయింది.

మారు గొట్టం బిగించేలోపే మా వంతు అయిపోయింది. మళ్లీ చూపించలేని వెలుగును ఎవరొప్పుకుంటారు?

ఇప్పుడు ఆయన ఇంట్లో, కిటికీ పక్క బల్ల మీద ఉంటున్నాను. ఎంత ఎండ పడినా నాకు చీకటే. ఆయన పంచె చెంగుతో నన్ను తుడుస్తూ అడుగుతారు: "నిజం చెప్పు నాయనా, వచ్చిందా? లేక సందేనా?"

వచ్చింది మాస్టారూ. సందు లేదు, మీరు మూత తీసేదాకా ఏ సందూ లేదు. అడిగినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను. ఆయన కాసేపు వింటున్నట్టే కూర్చుని, నన్ను మళ్లీ బల్ల మీద పెట్టేస్తారు.