చివరగా, మన బడి వార్తలు

నేను ఒక మైకును. పెద్ద సభల్లో బల్లమీద మెడ వంచి నిలబడే నాజూకు జాతి కాదు. చేతిలో పట్టుకుంటే రోకలిబండంత బరువు తోచే పాతకాలపు రకం. నా తలమీది ఇనుప జల్లెడకు ఎడమవైపు ఒక సొట్ట ఉంది. ఒక పెళ్లిలో వియ్యంకులిద్దరూ నన్ను ఒకేసారి పట్టుకున్నప్పుడు వచ్చింది. ఇద్దరి మాటా బయటికి రాలేదు గాని నేను మాత్రం కిందపడ్డాను.

పుట్టింది ఒక ఇరుకు కార్ఖానాలో. వరసగా కూర్చున్న ఆడవాళ్లు నా లోపలి సన్నటి తీగలు అతికిస్తూ ఇళ్లల్లో సంగతులు చెప్పుకునేవాళ్లు. నేను మొట్టమొదట విన్నది ఒక అత్తగారి గురించి. ఆ తరవాత ఎన్నెన్ని ఉపన్యాసాలు విన్నా, అంత నిజాయితీగా మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

అక్కణ్నుంచి హైదరాబాదులో ఒక టెంట్‌హౌస్‌కు చేరి పన్నెండేళ్లు ఉన్నాను. మనుషులు నన్ను చూడగానే ముందు గొంతు సవరించుకుంటారనీ, ఆపైన "రెండే రెండు మాటలు" అంటారనీ అక్కడే తెలిసింది. రెండు మాటలన్నవాళ్లు గంటకు తక్కువ దిగరు. చివరికి ఎన్నికలొచ్చిన ఏడాది, ఒక గల్లీ నాయకుడు నన్నూ, నా యాంప్లిఫయర్ పెట్టెనూ పాత సామాను కింద తీసుకుని సర్కారు బడికి దానం చేశాడు. పెట్టెమీద ఆయన పేరు ఎర్రరంగుతో రాయించుకున్నాడు. దూరాన్నుంచి చూస్తే మాట్లాడేది నేను కాదు, ఆయనే అనుకోవాలి.

ఆ బడి రెండు ఫ్లైఓవర్ల నడుమ ఇరుక్కున్న ఒక బస్తీలో ఉండేది. ఆరు నుంచి పది దాకా నూట పద్దెనిమిది మంది పిల్లలు. నన్ను హెడ్మాస్టర్ గదిలో, చాక్‌పీసు డబ్బాల పక్కన బీరువాలో పెట్టేవాళ్లు. బీరువా తలుపు సరిగా పడదు కాబట్టి ఆ గదిలో ఏ మాటా నన్ను దాటిపోలేదు. హెడ్మాస్టర్ సుగుణావతి మేడమ్. మాట తక్కువ, కళ్లద్దాలు ఎక్కువ. ఒకటి చదవడానికి, ఒకటి చూడడానికి, ఒకటి ఎక్కడ పెట్టారో వెతకడానికి.

రోజూ పొద్దున ప్రార్థన, ప్రతిజ్ఞ, నేటి సూక్తి, తరవాత నేటి వార్తలు. మేడమ్ ఇంట్లో చదివేసి తెచ్చిన పేపరు కాబట్టి అవి నిజానికి నిన్నటి వార్తలు. తొమ్మిదో తరగతి స్వరూప చదివేది. గంటలాంటి గొంతు. ఆ అమ్మాయి పెదవులు నాకు సరిగ్గా బెత్తెడు దూరంలో ఆగేవి. మంత్రులకు కూడా తెలియని కొలత అది. ఒకరోజు క్రీడావార్తలు అయిపోయాక స్వరూప కాగితం తిప్పి, "చివరగా, మన బడి వార్తలు" అంది. "అన్నం వండే షెడ్డు దగ్గర నల్లా పదకొండు రోజులుగా కారుతోంది. గంటకు ఒక బకెట్టు నీళ్లు పోతున్నాయని మా విలేకరి కొలిచి చెబుతున్నారు."

పిల్లలు పకపకా నవ్వారు. మర్నాడు నల్లా బాగైంది.

ఆ విలేకరి పేరు బాలమణి. స్వరూప తరగతే, స్వరూప బెంచీయే. పాలమూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. తల్లి లక్ష్మమ్మ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పనికి తెల్లవారి వెళ్లి మూడింటికి వస్తుంది, తండ్రి లేడు. ఇంట్లో ఎనిమిదేళ్ల చెల్లెలు చిట్టి. నడవలేదు, చేత్తో ముద్ద ఎత్తలేదు. అందుకని బాలమణి రోజూ లంచ్ బెల్లు కొట్టగానే తన వంతు అన్నం డబ్బాలో పెట్టించుకుని, వెనక గేటులోంచి మూడు సందులు పరుగెత్తి, చెల్లెలికి తినిపించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూతి తుడిచి వచ్చేది. ఒక్కోసారి పది నిమిషాలు ఆలస్యం. ఆ పది నిమిషాలు సుగుణావతి మేడమ్ కళ్లద్దాలు తప్పకుండా పోయేవి. రెండేళ్లుగా ఆమె ఆ ఆలస్యాన్ని చూడనేలేదు.

అలా ఉరుకుతూ తిరిగే పిల్ల కాబట్టి బాలమణి కంట పడనిది లేదు. ఆడపిల్లల బాత్రూము గొళ్లెం, సైన్సు గదిలో చిలుము పట్టిన తాళం, తొమ్మిది నెలలుగా రాని లెక్కల సారు. తను చూసింది స్కేలు పెట్టి కొలిచి, తేదీ వేసి నోటుబుక్కులో రాసేది. చదవమంటే మాత్రం, "నాతోని కాదే. నీ నోరు, నా కాళ్లు" అనేది. గొళ్లెం వారంలో వచ్చింది. లెక్కల సారు రాలేదు. మనిషి కంటే గొళ్లెం తేలిక కదా.

వానాకాలం మొదట్లో ఏడో తరగతి గది కప్పులో పగులు కనిపించింది. బెంచీమీద బెంచీ వేసుకుని ఎక్కి కొలిచింది బాలమణి. మొదటివారం రెండు స్కేళ్ల పొడవు. మూడోవారం మూడున్నర. ఇనుప ఊచలు తుప్పుతో బయటికి చూస్తున్నాయి. ఇద్దరూ వార్త రాసుకుని మేడమ్‌కు చూపించడానికి వచ్చారు.

ఆమె రెండుసార్లు చదివింది. "ఇది వద్దు."

"అబద్ధమా మేడమ్?" అంది స్వరూప.

"నిజం. అందుకే వద్దంటున్న." మేడమ్ సొరుగులోంచి ఉత్తరాల నకళ్లు తీసి బల్లమీద పెట్టింది. "మరమ్మతు చేయమని నాలుగుసార్లు రాసిన. అయిదోది రాయలేదు. ఎందుకో ఎరికేనా? 'ప్రమాదకరమైన బిల్డింగు' అని ముద్ర కొడతరు. బాగు చెయ్యరు. పిల్లలు ఎట్లాగూ తక్కువున్నరని బడినే తీసుకపోయి హైవే అవతలి బడిల కలుపుతరు. మూడున్నర కిలోమీటర్లు. నిరుడు పక్క బస్తీ బడికి అట్లనే అయింది."

ఆ మాట అంటూ ఆమె చూసింది స్వరూపను కాదు.

బాలమణి చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. "మరి ఏడోక్లాసోళ్లు, మేడమ్?"

"బెంచీలన్ని ఒక పక్కకు జరిపిన. పగులు కింద ఎవ్వలూ కూసోరు."

నిజమే. ఆ పిల్లలు మూడు వారాలుగా ఇడ్లీ పాత్రలో రేకుల్లా ఒకరిమీదొకరు సర్దుకుని చదువుతున్నారు. ఇంతకాలం నేను ఆమెను పిరికిది అనుకున్నాను. ఆమె నూట పద్దెనిమిది మందిని ఒక అబద్ధం కింద దాచి కాపాడుతోందని ఆరోజు అర్థమైంది. మర్నాడు స్వరూప క్రికెట్ వార్తలతో ముగించింది.

పద్దెనిమిది రోజులు అలాగే ముగించింది.

ఒక శనివారం, బడి వదిలేశాక, కప్పు పెచ్చు ఊడి పడింది. పగులు ఉన్నచోట కాదు, జరిపిన బెంచీలమీద. ఎవరో మరిచిపోయిన జామెట్రీ బాక్సు అప్పడంలా నలిగిపోయింది. సోమవారం పొద్దున బాలమణి ఆ డబ్బాను చేత్తో పట్టుకుని ప్రార్థనకు వచ్చింది. స్వరూప నా ముందు నిలబడి ప్రపంచ వార్తలు చదివింది, ఆటలు చదివింది. "చివరగా" అంది. ఆగిపోయింది. పక్కకు తిరిగి గొణిగింది. నాకు వినబడుతుందని ఎవరూ అనుకోరు.

"నేను చదవనే బాలీ. బడి పోతే నువ్వు రావు. నువ్వు లేకుంటే నేనెట్లనే?"

"పక్కకు జరుగు."

"నీకు పిచ్చా? చిట్టి సంగతేంది?"

"ఆ ఏడోక్లాసు పిల్లగాండ్లల్ల కూడ ఎవలో ఒకల చెల్లె ఉన్నది. జరగవే."

అలా బాలమణి మొదటిసారి నా ముందుకు వచ్చింది. మరీ దగ్గరగా వచ్చింది. ఊపిరి కూడా బయటికి వినబడింది. రాసుకున్నది చదివింది. పగులు ఏ తేదీన ఎంత పొడవు ఉందో, పెచ్చు ఎక్కడ పడిందో, ఆ బెంచీమీద రోజూ కూర్చునే నలుగురి పేర్లేమిటో. ఏ ఒక్క మాటా ఎక్కువ లేదు. చదువుతున్నంతసేపూ సుగుణావతి మేడమ్ చెయ్యి యాంప్లిఫయర్ మీటమీదే ఉంది. ఒక్క వేలు కదిపితే చాలు. కదపలేదు.

గేటు దగ్గర పిల్లను దింపడానికి వచ్చిన ఒక తల్లి అదంతా ఫోనులో పట్టింది. సాయంత్రానికి ఊరంతా చూసింది. నాలుగు ఉత్తరాలకు కదలనివాళ్లు బుధవారానికల్లా మూడు కార్లలో వచ్చారు. కప్పు చూశారు, తలలు ఊపారు, ఫొటోలు దిగారు. ఇంకొక్క ఏడాది ఇక్కడే రేకుల షెడ్డు వేయించమని మేడమ్ బతిమాలింది. "పిల్లల ప్రాణాలు ముఖ్యం మేడమ్" అన్నారు. వాళ్లకు ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

శుక్రవారం ఆవరణలో సభ. పెద్దాఫీసరు నన్ను అందుకుని గొంతు సవరించుకున్నారు. "ఈ చిన్నారి జర్నలిస్టులు నూట పద్దెనిమిది మంది ప్రాణాలు కాపాడారు. సోమవారం నుంచి మీరందరూ హైవే అవతల చక్కటి కొత్త భవనంలో చదువుకుంటారు. బస్సు సంగతి కూడా ఆలోచిస్తాం." చప్పట్లు. ఇద్దరికీ శాలువాలు కప్పారు. బాలమణిది పొడుగు ఎక్కువై నేలమీద జీరాడింది.

"ఏమ్మా, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు" అని నన్ను ఆమె చేతికిచ్చారు. ఆ చేతిలో చెమట నాకిప్పటికీ తెలుసు.

"సార్, ఆ బడిల లంచ్ టైం ఎంతసేపుంటది?"

ఆవరణంతా గొల్లుమంది. టీచర్లు, తల్లులు, డ్రైవర్లు, అందరూ నవ్వారు. ఆఫీసరుగారికి కళ్లలో నీళ్లు వచ్చాయి, నవ్వి నవ్వి. "అదీ అసలు ప్రశ్న! నలభై అయిదు నిమిషాలమ్మా. కడుపునిండా తిని, ఆడుకోవచ్చు కూడా."

"పోవుడుకే నలభై..." అని లెక్కవేసుకుంది బాలమణి, నా జల్లెడకు పెదవులు తగిలేంత దగ్గర. నేను ఆ మాటను దాచుకోలేదు, ఉన్నదున్నట్టు స్పీకరుకు అందించాను. కాని అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు స్వరూప. ఇంకొకరు ఆరోజు కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నారు.

కొత్త బడికి గోడలోనే బిగించిన సౌండు సిస్టం ఉందట, నేను అక్కర్లేదు. శనివారం విరిగిన బెంచీలతో, మూతలేని కుండలతో పాటు నన్నూ పాతసామాన్లవాడి లెక్కలో వేసి, తీగ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి హెడ్మాస్టర్ బల్లమీదే ఉంచారు. బండి రావడానికి ముందు లక్ష్మమ్మ ఆసుపత్రి పనికి ఒకపూట సెలవు పెట్టి, కూతురి టీసీ కోసం వచ్చింది. తోడుగా స్వరూప వచ్చింది. బాలమణి రాలేదు, అది చిట్టికి అన్నం పెట్టే వేళ.

"ఓపెన్ టెన్తు కట్టిద్దాం లక్ష్మమ్మా. పుస్తకాలు నేను పంపిస్త" అంది మేడమ్.

"అట్లనే అమ్మా" అంది లక్ష్మమ్మ. పేదవాళ్లు పెద్దవాళ్లను నొప్పించకుండా వాడే మాట అది. టెంట్‌హౌస్ రోజులనుంచీ వింటున్నాను.

మేడమ్ టీసీ రాయడం మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, ప్రవర్తన. 'బడి మానుటకు కారణం' దగ్గర పెన్ను చాలాసేపు గాలిలో ఉండిపోయింది. తరవాత రెండు మాటలు రాసింది. స్వరూప భుజంమీదుగా తొంగిచూసి, వార్తలు చదివే గొంతుతోనే చదివింది.

"సొంత కారణాలు."

ఆ గడిమీద వేలు పెట్టింది.

"ఇది తప్పు మేడమ్. గిట్ల రాస్తే బాలీ ఒప్పుకోదు. తేదీలతోని రాయాలె."

"గడి చిన్నది బిడ్డా" అంది సుగుణావతి మేడమ్. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "అంతకంటె పట్టదు."

స్వరూప ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుంది. గడి గీత దాటి, కాగితం అంచుమీదకు, సన్నటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రాస్తూ ఒక్కో వాక్యం పైకి చదువుతోంది. మేడమ్ ఆపలేదు. లక్ష్మమ్మ చేతులు కట్టుకుని నిలబడి వింది. బయట బండి వచ్చి ఆగింది. స్వరూప గొంతు సగంలో బొంగురుపోయింది, ఆగింది, మళ్లీ అందుకుంది. నేను ఆమెకు సరిగ్గా బెత్తెడు దూరంలో ఉన్నాను. తీగ చుట్టేసి ఉంది.