భూమికి అప్రదక్షిణ దోషం

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని వెంకటరామారావుకు ఏడో తరగతిలోనే తెలుసు. ఆయన సందేహం అది కాదు. గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుందని ఆనాటి పంతులుగారు నల్లబల్ల మీద బాణం గుర్తు వేసి మరీ చూపించారు. అంటే ఎడమకు. అంటే అప్రదక్షిణం. గుడిలో పొరపాటున అలా ఒక్క అడుగు వేస్తే వాళ్ల నాయనమ్మ చెవి మెలిపెట్టేది. మరి భూదేవి అంతటి ఇల్లాలు, సూర్యభగవానుడంతటి వాడి చుట్టూ సృష్టి మొదలుకొని ఇలా తిరుగుతుంటే అడిగే నాథుడే లేడా? పంతులుగారిని అడిగితే మార్కులు పోతాయని, పూజారిని అడిగితే పరువు పోతుందని ఆయన ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాడు.

వాళ్లది తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, భద్రాచలం దారిలో అడవి అంచున మిరప తోటలు వేసుకున్న కుటుంబం. ఆయన భక్తికీ పెద్దరికానికీ కలిపి 2004లో ఊళ్లో బడి కమిటీ చైర్మన్ పదవి కట్టబెట్టారు. బళ్లో పాఠం చెప్పే శ్యామల విద్యా వాలంటీరు. ఏడాదికోసారి తెగిపోయి, ఏడాదికోసారి అతుక్కునే ఉద్యోగం ఆమెది. తనిఖీకి వచ్చే అధికారి బాగుందని రాయాలి, చైర్మన్ సరేననాలి. రెండూ కుదిరితేనే అతుకు.

చైర్మనైన రెండేళ్లకు, ఓ తనిఖీకి ముందు రోజు, వెంకటరామారావు బడికి వెళ్లేసరికి ఆవరణలో సౌరకుటుంబం తిరుగుతోంది. కదలకుండా కూర్చోవాలని పిల్లలెవరూ సూర్యుడి వేషానికి ఒప్పుకోలేదు. అందుకని మధ్యాహ్న భోజనం వండే రామక్కను నడుమ స్టూలు మీద కూర్చోబెట్టారు. చాంది అనే పిల్ల భూమి. ఎడమ చేతికి ‘తూర్పు’, కుడి చేతికి ‘పడమర’ అని అట్టముక్కలు కట్టుకుంది. చంద్రుడైన రాజు ఆ పిల్లకే ముఖం చూపిస్తూ చుట్టూ పరుగెడుతున్నాడు.

“ఆగండాగండి! ఏ వైపు తిరుగుతోందా పిల్ల?”

“ఎడమకు సార్,” అంది శ్యామల. “తన సుట్టూ తాను తిరిగితే భ్రమణం, సూర్యుని సుట్టూ తిరిగితే పరిభ్రమణం. రెండూ ఎడమకే.”

“తెలుసమ్మా. కానీ రాముడి గుడికి ఇంత దగ్గర్లో, నేను చైర్మన్‌గా ఉండగా, ఆడపిల్ల చేత అప్రదక్షిణం చేయిస్తావా? కుడికి తిప్పు.”

“కుడికి తిప్పితే సూర్యుడు పడమర పొడుస్తడు సార్.”

“అది తర్వాత చూద్దాం.”

“నన్ను జల్దీ ఇడవుండ్రి సారూ, పొయ్యి మీద అన్నం మాడుతాంది,” అంది రామక్క.

“సూర్యుడు మాట్లాడకూడదు,” అన్నాడాయన.

శ్యామలకు ఉద్యోగం కావాలి. భూమిని కుడికి తిప్పింది.

మర్నాడు అధికారి జీపు దిగి, కొబ్బరి నీళ్లు తాగి, కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ప్రదక్షిణం సవ్యంగా ఉంది కాబట్టి వెంకటరామారావు రామక్క మెడలో బంతిపూల దండ కూడా వేయించాడు. పిల్లలు తిరిగారు. “బ్రహ్మాండం! గడియారంలా తిరుగుతున్నారు,” అని మెచ్చుకుని, అధికారి భూమిని పిలిచాడు. “పాపా, సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడు?”

చాంది చూసిందే చెప్పే పిల్ల. ఇంకోసారి మెల్లగా తిరిగి, రామక్క మెడలో దండ మొదట ఏ చేతి వైపు కనబడిందో చూసుకుంది. “పడమర సార్.”

“ఏంటీ?”

“నిన్న తూర్పున్నే పొడిసిండు సార్. ఇయ్యాల మారిండు.”

అధికారి ముఖం ఎర్రబడింది. “ఏమ్మా, పిల్లలకు నేర్పేది ఇదా? నిన్ను మళ్లీ ఎలా తీసుకోమంటావ్?” అంటూ పెన్ను మూత తీశాడు. శ్యామల మాత్రం చైర్మన్ పేరెత్తలేదు.

ఊరంతా గోడ చుట్టూ నిలబడి చూస్తోంది. నోరు మూసుకోవడం వెంకటరామారావుకు అలవాటైన పనే. కానీ శ్యామల ఉద్యోగం పోతుంది. లేచాడు.

“తప్పు టీచరుది కాదండీ. నేనే కుడికి తిప్పించాను. ఎడమకైతే అప్రదక్షిణమవుతుందని...”

అధికారి పెన్ను ఆగింది. కాసేపు ఆలోచించి గబగబా లెంపలు వేసుకున్నాడు. “అవును సుమండీ! నాకెప్పుడూ తట్టనే లేదు. పైవాళ్లకు రాయమంటారా?”

శ్యామల, గోడ వారన నిలబడి చూస్తున్న బిచ్యా అనే రైతు సైకిలును స్టాండు వేసి నిలబెట్టి, పెడల్ తిప్పింది. “చక్రం ఎటు తిరుగుతాంది సార్?”

“కుడికి.”

“ఆ పక్కకు పోయి సూడుండ్రి.”

ఇద్దరు పెద్దమనుషులూ జాగ్రత్తగా, సవ్యంగానే, సైకిలు చుట్టూ నడిచారు. అటునుంచి అదే చక్రం ఎడమకు తిరుగుతోంది.

“ధ్రువ నక్షత్రం దిక్కు నుంచి సూస్తే భూమి ఎడమకు. కింది నుంచి సూస్తే కుడికి. దేవుడు ఏడ నిలబడి సూస్తుండో మనకేమెరుక సార్?”

వెంకటరామారావు ఆకాశం వైపు చూశాడు. ఇన్నేళ్లుగా భూదేవి మీద మోపిన నేరం ఒక సైకిలు చక్రంతో కొట్టుకుపోయింది. చాంది ఎడమకు తిరిగింది, సూర్యుడు తూర్పున ఉదయించాడు, వెంటనే దండతో సహా వంటింట్లోకి పరుగెత్తాడు. అన్నం ఆ పూట కూడా అడుగంటింది.

మాడు వాసన వేసే ఆ అన్నమే తిని అధికారి ‘బాగుంది’ అని రాశాడు. జీపెక్కబోతూ, “ఇంత తిప్పలెందుకు, బళ్లో గ్లోబు లేదా?” అన్నాడు.

చైర్మనైన ఏడాది జెండా పండుగకు, బడికి గ్లోబు ఇస్తానని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నది వెంకటరామారావే. ఆ రోజు తర్వాత ఆయన అడగనివ్వలేదు, శ్యామల అడగలేదు.

మరుసటి సోమవారం ఆయన ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాడు. కండక్టరు ఆయన ఒళ్లోని గుండ్రటి వస్తువును చూసి నవ్వాడు. “భూమికి లగేజీ టికెట్ లేదులే పెద్దాయనా, గట్టిగ పట్టుకో.” దారిలో ఎవరూ చూడనప్పుడు ఆయన దాన్ని వేలితో ఒకసారి తిప్పాడు. ఎడమకే.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా బడికి నడిచాడు.

“తీసుకోండి టీచర్ గారూ. ఆలస్యమైంది.”

శ్యామల రెండు చేతులతో అందుకుంది.