కుక్క కథ ఆలస్యమైన రోజు

ఆగస్టు మూడో తారీఖు వచ్చిందంటే మా ఊరి మైదానంలో కుక్క కథ వినిపించాల్సిందే. మా జట్టు పేరు కొంగలు. జీతాలిచ్చి ఆడించే జట్టే గానీ చిన్నది. కుర్రాళ్ళు ఇక్కడ రెండు మూడేళ్ళు బేస్‌బాల్ ఆడి, చేతిలో సత్తా ఉంటే పెద్ద నగరాల జట్లకు పోతారు, లేకపోతే ఇళ్ళకు పోతారు. ప్రతి ఆటలోనూ ఏడో ఇన్నింగ్స్ సగంలో జనమంతా లేచి నడుములు సాగదీసుకుంటారు కదా, అప్పుడు మైకు దగ్గర కూర్చున్నవాళ్ళు “ఇదే రోజున, ఇదే మైదానంలో” అని మొదలుపెట్టి, ఎప్పుడో ఆ తారీఖున జరిగిన ముచ్చట ఒకటి చెబుతారు. అది మా దగ్గర ఆనవాయితీ.

ఆ ముచ్చట్లు ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. గేటు పక్కన బల్ల వేసుకుని నేను కొలాచీలు అమ్మేదాన్ని. గసగసాల ముద్ద, రేగుపండ్ల ముద్ద నింపి కాల్చే తియ్యరొట్టెలు అవి, మా అమ్మ బొహీమియా దేశం నుంచి పట్టుకొచ్చిన వంటకం. మైకు దగ్గరికి కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా ముందు నా బల్ల దగ్గరికే వచ్చేవారు. “అల్బీనా అమ్మమ్మా, రేపటి తారీఖుకు ఏముంది?” అంటే, నేను పిండి చేతులు తుడుచుకుంటూ చెప్పేదాన్ని. ఫలానా రోజున వడగళ్ళు పడి అంపైర్ బల్లకింద దూరాడు, ఫలానా రోజున మా మూడో బేస్ కుర్రాడు ఆట మధ్యలో తన పిల్లను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు, ఆమె “ఈ ఆట గెలిస్తే చూద్దాం” అంది. ఇలాంటివి.

ఆగస్టు మూడుది కుక్క కథ. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నది పొంగి కుడివైపు మైదానంలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అయినా ఆడారు. కొట్టిన బంతి నీళ్ళలో పడింది. పసుపుపచ్చ కుక్క ఒకటి ఈదుకుంటూ వెళ్ళి బంతిని నోట కరుచుకుని, మా ఆటగాళ్ళు ముగ్గురు వెంట తరుముతుంటే, నేరుగా వచ్చి అంపైర్ కాళ్ళ దగ్గర పెట్టి కూర్చుంది. ఎన్నిసార్లు విన్నా జనం నవ్వుతారు.

కానీ ఆగస్టు మూడున జరిగింది అదొక్కటే కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు.

యాభై ఎనిమిదిలో మా ఆయన రూడీ కొంగల తరఫున బంతి విసిరేవాడు. అప్పటికింకా మా ఆయన కాలేదు, సెప్టెంబరులో పెళ్ళి. ఆ ఆదివారం ఏడు ఇన్నింగ్స్ పాటు ఎదుటివాళ్ళలో ఒక్కడూ అతని బంతిని కొట్టి బేస్ చేరలేదు, అంటే ఒక్క హిట్ లేదు. తొమ్మిది ఇన్నింగ్స్ అలా గడిచి ఆట ముగిస్తే దాన్ని నో-హిట్టర్ అంటారు. ఇప్పుడు ఆట లేదు కాబట్టి ఆ మాట అనగలుగుతున్నాను. జరుగుతుండగా మాత్రం ఆ మాట ఎవరూ నోట పలకకూడదు. ఆటగాళ్ళు అతని పక్కన కూర్చోరు, అతనితో మాట్లాడరు. చూసేవాళ్ళు ఉన్న చోటు నుంచి కదలరు. ఆ మాట అంటే పోతుంది, కదిలితే పోతుంది.

ఆ రోజు మైకు దగ్గర ఉన్నవాడు ఓర్విల్. రూడీకి చిన్ననాటి జోడు, మా పెళ్ళిలో పెళ్ళికొడుకు పక్కన నిలబడాల్సినవాడు. ఆనందం పట్టలేకపోయాడు పాపం. జనమంతా లేచి నిలబడ్డప్పుడు, “ఇదే రోజున, ఇదే మైదానంలో, నా స్నేహితుడు రూడీ ఇంతవరకూ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు!” అనేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదటి బంతి. ఠప్పుమంది, హిట్. పెద్ద జట్టు నుంచి రూడీని చూడ్డానికి వచ్చిన మనిషి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రూడీ ఒక్క మాట తిట్టలేదు. అసలు అతనితో మాట్లాడడమే మానేశాడు. ఊరు మాత్రం బాగానే తిట్టింది. ఓర్విల్ వాళ్ళ నాన్న చెప్పుల కొట్టుకు ఆ ఏడంతా జనం పోలేదు. ఓర్విల్ మైకు వదిలేశాడు, మైదానం వదిలేశాడు, మా పెళ్ళికి రాలేదు. పోస్టాఫీసులో పనికి కుదిరి మా వీధిలోనే, మా పక్క ఇంట్లోనే కాపురం పెట్టాడు. చలికాలంలో ఇద్దరూ మంచు తోడేవారు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒక గీత ఉన్నట్టు రూడీ పార అక్కడ ఆగేది, ఓర్విల్ పార అక్కడ ఆగేది. ముప్ఫై తొమ్మిది చలికాలాలు.

ఆ చివరి చలికాలంలోనే ఓర్విల్ భార్య వెర్నా పోయింది. నేను సూపు పట్టుకుని వెళ్ళేదాన్ని. వేసవి వచ్చాక చూస్తే, ఆట ఉన్న ప్రతిరోజూ ఆయన వంటింటి కిటికీ దగ్గర రేడియో పెట్టుకుని ఒక్కడే కూర్చుంటున్నాడు. అక్కడి నుంచి మైదానంలో జనం అరుపులు వినిపిస్తాయి. ముందు కిటికీలోంచి, ఆ తర్వాత రేడియోలోంచి.

“ఇంత దూరం నడవలేవా ఏంటి? వచ్చి చూడరాదూ,” అన్నాను.

“నన్ను ఎవరు రమ్మన్నారు?”

“నేను రమ్మంటున్నాగా.”

“నువ్వు కాదు, అల్బీనా. ఊరు.” సూపు గిన్నెలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. “ఏటా ఆగస్టు మూడున వింటాను. కుక్క కథే చెప్తారు. కుక్కకున్న విలువ కూడా నాకు లేదు. నా పేరు నోట పలకడం కూడా వీళ్ళకి ఇష్టం లేదు.”

ఇంటికొచ్చి రూడీని అడిగాను. రూడీ పేపరు దించలేదు.

“వాడి పరువు పోతుందనే కదా నేను చెప్పనివ్వనిది. ఏటేటా మైకులో వాడి తప్పు చెబితే వాడు తలెత్తుకు తిరగగలడా?”

“అంటే ఆయన కోసం దాస్తున్నావా?”

“మరి నాకోసమా?”

“తన పేరు ఎవరూ పలకడం లేదని ఆయన ఏడుస్తుంటే, ఆయన పరువు కోసమని నువ్వు చెప్పనివ్వడం లేదా? మీ ఇద్దరి తలకాయలూ కలిపినా ఒక గుమ్మడికాయకు సరిరావు.”

రూడీ పేపరు పేజీ తిప్పాడు. తర్వాత, “చెబితే చెప్పనీ,” అన్నాడు.

అంతే, నేను ఆగలేదు. ఆ ఏడు మైకు దగ్గర మార్లిస్ అనే పిల్ల ఉంది. చురుకైనది, బేస్‌బాల్ తప్ప వేరే లోకం లేదు. కుక్కను ఈసారి పక్కన పెట్టమని, యాభై ఎనిమిది ముచ్చట ఓర్విల్ పేరుతో సహా మర్యాదగా చెప్పమని దానికి నేర్పించాను. ఓర్విల్‌కు మాటిచ్చాను. “ఏడో ఇన్నింగ్స్‌లో నీ పేరు వినిపించకపోతే లేచి వెళ్ళిపో, నిన్ను మళ్ళీ పిలవను,” అన్నాను. ఆయన వెర్నా ఇస్త్రీ చేసి పెట్టిపోయిన చొక్కా వేసుకుని వచ్చాడు. నా బల్లకు ముందున్న వరసలో ఇద్దరినీ కూర్చోబెట్టి, మధ్యలో ఒక కుర్చీ నాకని ఖాళీ ఉంచాను. ఇద్దరూ ఆ ఖాళీ కుర్చీలో కొండ ఉన్నట్టు చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు.

ఇక జరిగింది వినండి.

ఆ రోజు మా వైపు విసిరేవాడు డార్నెల్. ఎడంచేతివాటం, దక్షిణాది మనిషి, ఈ ఆటలో వయసు మీరినవాడే. నేను రొట్టెలు అమ్ముకుంటూ పెద్దగా చూడలేదు. ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఏమిటా అని తలెత్తితే, జనమంతా కుర్చీలకు అంటుకుపోయి ఉన్నారు. దాహమైనవాడు కూడా లేవడం లేదు. అవతల మా ఆటగాళ్ళు బెంచీ మీద ఒక చివరికి జరిగిపోయారు, రెండో చివర డార్నెల్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బోర్డు మీద ఎదుటి జట్టు హిట్ల గడిలో సున్నా.

ఇదే రోజు కావాలా!

పైన మైకు గది కిటికీలోంచి మార్లిస్ తల బయటపెట్టింది. మొహం పాలిపోయింది.

“అమ్మమ్మా! ఇప్పుడేం చెయ్యను?”

“మెల్లగా మాట్లాడవే.”

“నువ్వు చెప్పమన్నది చెప్తే, ఆ మాట వస్తుంది. వస్తే ఊరు నన్ను నదిలో పారేస్తుంది. ఆ పెద్దాయనకు జరిగిందే నాకూ జరుగుతుంది. పోనీ, కుక్క కథ చెప్పేయనా?”

కుక్క అని వినపడ్డ మరుక్షణం ఓర్విల్ లేచి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఈ జన్మలో రాడు. చెప్పకపోతే ఆయన వెళ్ళిపోతాడు, చెబితే డార్నెల్ ఆట పోతుంది. ఇంత వయసొచ్చినా నాకేమీ తోచలేదు.

“నీకేది తోస్తే అది చెప్పు తల్లీ,” అన్నాను. పిరికి మాటే అనుకోండి.

ఏడో ఇన్నింగ్స్ సగం అయింది. డార్నెల్ బెంచీకి వెళ్ళి కూర్చున్నాడు. బోర్డు మీద ఇంకా సున్నాయే. జనం లేచి నిలబడ్డారు, ఎవరి కుర్చీ ముందు వాళ్ళే, పక్కకు అడుగు వేయకుండా. మైకు గరగరమంది.

“ఇదే రోజున, ఇదే మైదానంలో...” మార్లిస్ ఆగిపోయింది. “...ఏం జరిగిందో ఆట అయ్యాక చెప్తాను. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి, మీకు పుణ్యముంటుంది.”

మైదానమంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. తర్వాత చప్పట్లు. అందరికీ అర్థమైంది.

ఓర్విల్‌కు మాత్రం వేరేలా అర్థమైంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అందరూ కూర్చున్నారు, ఆయన కూర్చోలేదు. టోపీ తీసుకుని నడవలోకి ఒక కాలు పెట్టాడు.

రూడీ చెయ్యి ఖాళీ కుర్చీ మీదుగా వెళ్ళి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

“ఎక్కడికి?”

ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. నేను చేతిలో రొట్టె అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

“ఇంటికి,” అన్నాడు ఓర్విల్. “నేనుంటే ఆ కుర్రాడికి కూడా...”

“మొదటి నుంచీ ఇక్కడే ఉన్నావు కదరా. నువ్వు ఈ కుర్చీలో ఉండగానే ఇంతవరకూ వచ్చింది. ఇప్పుడు కదిలావనుకో, అప్పుడు పోతుంది. కూర్చో.”

“కానీ, రూడీ...”

“కూర్చోరా, సన్నాసీ! కాలు లోపలికి తీసుకో!”

ఓర్విల్ కాలు లోపలికి తీసుకున్నాడు. కూర్చున్నాడు. రూడీ చొక్కా చెయ్యి వదల్లేదు, ఎక్కడ లేచి వెళ్ళిపోతాడోనని. అలా పట్టుకునే ఎనిమిదో ఇన్నింగ్స్ అంతా చూశారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, మాట్లాడుకోలేదు. కానీ బంతి గాల్లోకి లేచినప్పుడల్లా ఇద్దరి మెడలూ ఒకేసారి లేచాయి.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకడు ఔటయ్యాడు. ఇంకా ఇద్దరు. రెండోవాడు బక్కపలచని కుర్రాడు, ప్యాంటు జారిపోతున్నట్టు ఉన్నాడు. మైదానంలో ఎవరూ దగ్గనైనా లేదు. నది మీద పడవ కూత వినిపించింది. డార్నెల్ విసిరాడు. కుర్రాడు కొట్టాడు. బంతి మా వాళ్ళ తలల మీదుగా వెళ్ళి పచ్చగడ్డిలో మెత్తగా, నింపాదిగా పడింది. హిట్. అంపైర్‌తో వాదించడానికి కూడా లేదు.

ఓర్విల్ రెండు చేతులూ పైకెత్తాడు. “నేను నోరు తెరవలేదు.”

రూడీ ఆయన వైపు తిరిగాడు. “నేనూ తెరవలేదు.”

“నేను కదల్లేదు కూడా.”

“ఎలా కదుల్తావ్? నేను పట్టుకున్నానుగా.”

ముందు రూడీ భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటపడింది, దగ్గు పట్టుకునేంత నవ్వు. ఓర్విల్ వీపు మీద కొట్టాల్సి వచ్చింది. చుట్టూ జనం లేచి డార్నెల్‌కు చప్పట్లు కొడుతున్నారు. అతను టోపీ తీసి ఊపాడు, మొహంలో ఏడుపు లేదు. మిగిలిన ఇద్దరినీ ఔట్ చేసి ఆట గెలిపించాడు కూడా.

“ఆ బంతి చూశావా?” అన్నాడు రూడీ కళ్ళు తుడుచుకుంటూ. “వంకర తిరగాల్సింది, తిరగలేదు. వచ్చి బ్యాటు ముందు నిలబడింది, కొట్టుకో అని. ఆ రోజు నాదీ సరిగ్గా అలాంటిదే. వేళ్ళకు చెమట పట్టింది. నువ్వు మైకులో అరవకముందే జారుతోంది బంతి.”

ఓర్విల్ నోరు తెరుచుకుంది. “ఆ సంగతి నీకు అప్పుడే తెలుసా?”

“చేతిలోంచి వదిలినప్పుడే తెలుసు.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“నువ్వడగలేదు.”

“నువ్వు మాట్లాడితే కదరా అడగడానికి!”

రూడీ తన కుడిచేతి వేళ్ళు చూసుకున్నాడు. “నా వేళ్ళను తిట్టుకోవడం కన్నా నిన్ను తిట్టుకోవడం తేలికైంది, ఓర్విల్. మొదట్లో. తర్వాత ఎలా ఆపాలో తెలియలేదు.”

నేను వెళ్ళి ఇద్దరి మధ్య నా కుర్చీలో మిగిలిన కొలాచీల పళ్ళెం పెట్టాను. రూడీ గసగసాలవి ఏరి ఆయన వైపు తోశాడు. ఆయనకు అవే ఇష్టమని గుర్తుంది చూడండి.

పై నుంచి మార్లిస్ కేకేసింది. “ఓర్విల్ గారూ! జనం ఎదురుచూస్తున్నారు. మీరే వచ్చి చెప్పండి!”

“గొంతు పోయిందమ్మా నాకు.”

“ఎక్కవోయ్ ముసలాడా,” అని రూడీ మోచెయ్యి పట్టి లేపాడు. మైకు గది చెక్కమెట్లు ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని ఎక్కారు.

మైకు గరగరమంది. గొంతు సన్నబడింది గానీ అదే గొంతు. పెద్దవాళ్ళు కొందరు టక్కున తలలెత్తారు.

“ఇదే రోజున, ఇదే మైదానంలో, యాభై ఎనిమిదిలో, నా స్నేహితుడు రూడీ ఏడు ఇన్నింగ్స్ పాటు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మొదటి బంతి...”

ఆగిపోయాడు. రూడీ గొంతు మైకులోకి దూరింది. “వంకర తిరగలేదు. అంతే.”

జనం చప్పట్లు కొట్టారు. ఎందుకో సగంమందికి తెలియదు, తెలిసినవాళ్ళు లేచి నిలబడి కొట్టారు. అవి సద్దుమణిగాక వెనక వరసల్లోంచి ఎవరో అరిచారు.

“మరి కుక్క ఏదీ?”

“అవును, కుక్క! కుక్క!” అంటూ పిల్లలంతా అందుకున్నారు.

మైకులో ఓర్విల్ గొంతు సవరించుకోవడం వినిపించింది. “సరే. నది పొంగిన ఏడు...” అని మొదలుపెట్టాడు. ఏటా కిటికీ దగ్గర కూర్చుని విన్నాడు కదా, ఒక్క ముక్క తప్పు పోలేదు.